మోగని హారన్

“బారికేడ్ పెట్టానని చెప్పడం ఇది నాలుగోసారి,” అన్నాడు రూబెన్ యెల్. “అయిదోసారి అడిగితే మారుతుందా?”

“మారకూడదు. అందుకే అయిదోసారి అడుగుతున్నా,” అంది వెర్నా హాడ్సెల్.

బుధవారం ఉదయం పదకొండూ అయిదు. విల్లెట్ కౌంటీ జైల్లో ఉన్న ఒకే ఒక్క మాట్లాడే గదిలో వాళ్ళిద్దరూ బల్లకి చెరో పక్క కూర్చున్నారు. వెర్నా ఆ కౌంటీ కరోనర్. అక్కడ ఎవరి చావు మీదయినా అనుమానం వస్తే, అది ఎలాంటి చావో తేల్చి సంతకం పెట్టవలసింది ఆమే. షెరీఫ్‌నీ కమిషనర్లనీ ఎన్నుకున్నట్టే ఆమెనీ జనం ఓట్లేసి ఎన్నుకున్నారు. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసింది.

ఇప్పుడు ఆమె సంతకం కోసం చూస్తున్నది మెర్ల్ ఓస్బీ చావు. కౌంటీ పాలన నడిపే ముగ్గురు కమిషనర్లలో మెర్ల్ ఒకడు. నిన్న సాయంత్రం ప్లమ్ వాగు వంతెన నడిమధ్య కింద అతని పికప్ ట్రక్కు ముక్కు కిందికి పెట్టి నీళ్ళలో దొరికింది. మరమ్మతు కోసం సోమవారం ఆ వంతెన చెక్కలు పీకింది కౌంటీ రోడ్ల పనివాడు రూబెన్. దారికి అడ్డంగా ఉండాల్సిన బారికేడ్ గుంటలో పడి ఉంది. రూబెన్ దాన్ని నిలబెట్టలేదనీ, అతని నిర్లక్ష్యానికి ఒక మనిషి బలి అయ్యాడనీ షెరీఫ్ రాత్రే తేల్చేశాడు. మధ్యాహ్నం మూడున్నరకి రూబెన్‌ని జడ్జి ముందు నిలబెడతారు.

రూబెన్ వేళ్ళు మడిచి టైములు చెప్పాడు. మంగళవారం హైవే దగ్గర గ్రేడర్ యంత్రం బ్లేడు దింపి, కంకర రోడ్డు చదును చేసుకుంటూ వంతెనదాకా వెళ్ళాడు. పన్నెండూ పదికి వంతెన దగ్గర ఉన్నాడు. బారికేడ్ నిలబడే ఉంది, రెండు కాళ్ళ మీదా ఇసుక మూటలున్నాయి. వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క చదును చేసి ఒంటిగంటకల్లా హైవే ఎక్కాడు. బారికేడ్ మీది దీపం వెలుగుతోందో లేదో చూద్దామని నాలుగూ నలభై అయిదుకి మళ్ళీ వచ్చాడు. అప్పుడు చూశాడు ట్రక్కుని.

“రోడ్డు మీద జాడలు?”

“ఒక్క బండివే. లోపలికి వెళ్ళినవి. తిరిగొచ్చినవి లేవు.” రూబెన్ తల దించుకున్నాడు. “ఫొటో తీసుండాల్సింది. కానీ మెర్ల్ బతికున్నాడేమోనని వాగులోకి దూకాను. తరవాత షెరీఫ్ బళ్ళూ, ట్రక్కుని బయటికి లాగే బండీ అంతా తొక్కేశాయి.”

“దూకినందుకు ఎవరూ నిన్ను తప్పుపట్టరు,” అంది వెర్నా. ఆ వంతెనకి చెక్కలు పీకించింది ఎవరని అడిగింది.

“మెర్లే. సోమవారం దగ్గరుండి పీకించాడు. మొదటి చెక్క తనే పట్టి లాగాడు.”

వెర్నా అది రాసుకుని లేచింది.

*

కోర్టు భవనం నుంచి ప్లమ్ వాగు తూర్పు ఒడ్డుకి తొమ్మిది నిమిషాలు. అక్కడితో రోడ్డు ఆగిపోతుంది. పడమటి ఒడ్డుకి వెళ్ళాలంటే ఉత్తరంగా పోయి, హైవే ఎక్కి, వెనక్కి దిగి, కంకర రోడ్డు మీద మూడున్నర మైళ్ళు రావాలి. వెర్నా బయల్దేరేముందు గడియారం చూసుకుంది, చేరాక మళ్ళీ చూసుకుంది. ముప్పై ఒక్క నిమిషం.

కమిషనర్ల ముందు రేపు ఉదయం తొమ్మిదికి ఉన్న విషయం కూడా సరిగ్గా ఇదే. ఈ వంతెనని బాగుచేయాలా, లేక వంతెననీ దాని రోడ్డునీ కౌంటీ వదులుకోవాలా అన్నది ఓటుకి వస్తుంది. వదులుకుంటే అటూ ఇటూ ఉన్న పొలాలు కలిసిపోతాయి. ఈ రోడ్డు మీద ఉన్నది ఒకే ఇల్లు, అందులో ఎనభై ఒక్క ఏళ్ళ ఆల్మా టోర్గర్సన్ ఒంటరిగా ఉంటోంది. ఆమె గుండెకి ఏమన్నా అయితే అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వస్తుందా, ముప్పై ఒకటిలో వస్తుందా అన్నది ముగ్గురి చేతుల్లో ఉండేది. ఇప్పుడు ఇద్దరి చేతుల్లో ఉంది.

వంతెన మొదట్లో లాగే బండి టైర్లు రోడ్డంతా కలియదున్నేశాయి. వెర్నా మధ్యలోకి పోలేదు. రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. గ్రేడర్ పోయినచోట దాని బ్లేడు అంచున కంకర సన్నని గట్టులా పేరుకుంటుంది. ఆ గట్టు ఇక్కడ తెగకుండా మిగిలింది. ఒక్కచోట మాత్రం దానికి నొక్కు పడింది. కంకర ఏదో అడ్డం తగిలి చుట్టూ సర్దుకున్నట్టుంది. నొక్కు లోపల చెంచాడు పసుపుపచ్చ ఇసుక రాలి ఉంది. ఈ రోడ్డు మీద ఎక్కడా అలాంటి ఇసుక లేదు.

ఆమె గుంటలోకి దిగింది. బారికేడ్ వెల్లకిలా పడి ఉంది. పక్కనే రెండు ఇసుక మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై మూటకి కుట్టు విడిపోయింది. బట్టలు కొలిచే టేపుతో వెర్నా బారికేడ్ కాలు కొలిచింది, వచ్చి నొక్కు కొలిచింది. రెండూ ఒకటే.

“మనిషి దొరికాడు, బారికేడ్ దొరికింది. ఇంకా ఏం వెతుకుతున్నావ్ వెర్నా? చెవిపోగు పడిపోయిందా?”

షెరీఫ్ రస్ డెంకర్ కారు తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు, ముప్పై ఏళ్ళుగా ఒకరి మాట ఒకరు ఒప్పుకోనివాళ్ళు.

“నీ కళ్ళజోడు,” అంది వెర్నా. “దొరికితే పెట్టుకుని చూస్తావేమోనని. ఇలా రా.”

నొక్కు చూపించింది. గ్రేడర్ పోయినప్పుడు బారికేడ్ ఇక్కడ నిలబడి ఉందనీ, తరవాత ఎవరో చేత్తో ఎత్తి పక్కన పెట్టారనీ చెప్పింది. గాలికి పడితే పడుతుంది గానీ, గాలి మూటలు పేర్చదు. అతను వంగి చూశాడు. తరవాత, తప్పు తెలిశాక రూబెన్ వచ్చి పేర్చుండొచ్చు అన్నాడు.

వెర్నా వంతెన మీద చెక్కలు మిగిలినంత మేరా నడిచింది. చెక్కలు పీకాక మిగిలిన ఇనుప దూలం మీద పావురాల రెట్ట ఎండి పొరకట్టింది. ఆ పొరలో బూటు అడుగులున్నాయి. అన్నీ తూర్పుకే తిరిగి ఉన్నాయి.

“ఇవీ రూబెన్‌వేనా? అతని బండి ఈ ఒడ్డున ఉంటే, అతను అటు ఎందుకు నడుస్తాడు?”

“పనివాడు. వంతెన మీద నడుస్తాడు.”

“వెళ్ళి, తిరిగి రాకుండా ఉండిపోతాడా?”

రస్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పొద్దుటినుంచి తనకి నలభై మూడు ఫోన్లు వచ్చాయన్నాడు. జనానికి జవాబు కావాలి, అయిదింటికల్లా ఆమె ప్రమాదమని సంతకం పెడితే రేపు మీటింగు సజావుగా జరుగుతుంది అన్నాడు. వెర్నా ఒప్పుకోలేదు. మెర్ల్ స్టీరింగ్ మీదికి బోర్లా వాలి దొరికాడు. చచ్చిన మనిషి ఒంట్లో నెత్తురు కిందికి దిగి, నేలకి దగ్గరగా ఉన్న పక్క కమిలినట్టవుతుంది. మెర్ల్‌కి ఆ కమిలిన రంగు వీపున ఉంది. సాయంత్రం అయిదూ నలభైకి తను చూసేసరికి కాళ్ళదాకా కొయ్యబారి ఉన్నాడు. అంటే పొద్దున్నే ఎక్కడో చనిపోయి, గంటల తరబడి వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“అది చెప్పాల్సింది రాష్ట్రం డాక్టర్లు,” అన్నాడు రస్. “వాళ్ళ రిపోర్టుకి అయిదు రోజులు. నువ్వు నర్సువి వెర్నా.”

“అవును. చచ్చినవాళ్ళని నీకంటే ఎక్కువమందిని తిప్పి పడుకోబెట్టాను.”

“జనం నన్ను ఎన్నుకున్నది నేరాలు చూడమని.”

“నన్ను ఎన్నుకున్నది అబద్ధం రాయొద్దని.”

“నిన్నెవరు ఎన్నుకున్నారు? నీకు పోటీ ఎవరున్నారు?”

“ఈ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు మరి. నేనేం చెయ్యను,” అంది వెర్నా టేపు చుట్టుకుంటూ. ఆల్మా ఇంటికి వెళ్తున్నాననీ, నిన్న ఈ రోడ్డు మీద ఎవరెళ్ళారో ఆమెకి తెలుస్తుందనీ చెప్పింది. ఆల్మాకి ఆవుకీ దూడకీ తేడా తెలియదని రస్ గొణిగాడు. కారెక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

*

ఆల్మా టోర్గర్సన్ ఇల్లు వంతెనకి అర మైలు. వంటింటి కిటికీ రోడ్డు వైపే ఉంది. కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీలో నలిగిన దిండు. కిటికీ అద్దం లోపలా బయటా శుభ్రంగా తుడిచి ఉందని వెర్నా మొదటి చూపులోనే గమనించింది. బల్ల మీద రూబార్బ్ పై అనే తీపి వంటకం ఒకటి, రెండు పళ్ళేలు ఉన్నాయి.

“నాకోసం ఎదురుచూస్తున్నారా ఆల్మా గారూ?”

“నీకోసం కాదులే అమ్మాయ్. కోర్టు భవనం నుంచి ఫోనొచ్చింది. రోడ్డు కాగితం మీద సంతకం కావాలట, మూడింటికి మనిషొస్తాడట. నువ్వొచ్చావు కాబట్టి ముక్క నువ్వు తిను.”

వెర్నా ఆ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టొద్దంది. ముక్క తింటూ నిన్నటి సంగతి అడిగింది. ఆల్మా వరసగా చెప్పింది. రూబెన్ గ్రేడర్ అటూ ఇటూ పోయింది. ఆ తరవాత రేడియోలో ధాన్యం ధరలు చదవడం అయిపోయాక, అంటే రెండింటికి పది నిమిషాల ముందు, మెర్ల్ పికప్ పోయింది. తెల్ల బండి, వెనక ఎర్ర పనిముట్ల పెట్టె.

“మెర్ల్‌ని చూశారా?”

“మొహాలు కనపడ్డం మానేసి నాలుగేళ్ళయింది. బండ్లు కనిపిస్తాయి. చేతులు కనిపిస్తాయి.”

వెర్నా అడిగి ఆ కుర్చీలో కూర్చుంది. అదే సమయానికి రస్ కారు వంతెన వైపు నుంచి తిరిగొచ్చింది. బండి అద్దం నిండా ఆకాశమే మెరిసింది. స్టీరింగ్ పైన చెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. ఆ చెయ్యి మీద రెండు వేళ్ళు లేచి దిగాయి. నాలుగు సెకన్లలో కారు దాటిపోయింది.

“షెరీఫ్,” అంది ఆల్మా. “రెండు వేళ్ళు. వాళ్ళ నాన్నా అంతే.”

వెర్నాకి నవ్వొచ్చింది. పావుగంట కిందట తనతో పోట్లాడి పోయినవాడు కూడా, కిటికీలో మనిషి ఉందంటే వేళ్ళు ఎత్తకుండా పోలేకపోయాడు. ఈ రోడ్ల మీద పెరిగినవాడెవడూ పోలేడు. ఆలోచించి చేసే పని కాదది. వెర్నాకీ ఎదురుబండి కనపడగానే చూపుడు వేలు దానంతటదే లేస్తుంది.

“మరి మెర్ల్ ఎలా ఎత్తుతాడు?”

ఆల్మా పళ్ళెం మీద రాలిన పొడి వేలితో ఒకచోటికి చేర్చింది.

“ఒక వేలు ఎత్తుతాడు. హారన్ ఒకసారి చిన్నగా నొక్కుతాడు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ పదకొండేళ్ళు, ఒక్కసారి కూడా మానలేదు. హారన్ విని నేను కిటికీలోకి రాకపోతే బండి ఆపి లోపలికొస్తాననేవాడు. ఒకసారి వచ్చాడు కూడా. నేను స్నానాలగదిలో పడి ఉన్నాను.” ఆమె కిటికీ వైపు తిరిగింది. “నిన్న హారన్ కొట్టలేదు. అప్పుడే అనుకున్నాను, నా రోడ్డుకి వ్యతిరేకంగా ఓటెయ్యడానికి నిశ్చయించుకున్నాడని. మొహం చెల్లక కొట్టలేదని. నేనూ ఊరుకోలేదు అమ్మాయ్. పోరా పిరికివాడా అన్నాను, ఇక్కడే కూర్చుని. మూడు గంటల తరవాత చచ్చిపోయాడన్నారు.”

“వేలు ఎత్తాడా?”

“వేలు కాదు. చెయ్యంతా ఎత్తాడు. ఇదుగో, ఇలా.” ఆల్మా అరచెయ్యి ఎదురుగా పెట్టి అద్దం తుడిచినట్టు అటూ ఇటూ రెండుసార్లు ఆడించింది. “ఎన్నడూ లేనిది. ఊరేగింపులో కారెక్కి ఊపినట్టు.”

వెర్నా చేతిలోని ఫోర్కు పళ్ళెంలో పెట్టేసింది. ఇంకోసారి చూపించమంది. ఆల్మా చూపించింది. అదే చెయ్యి, అదే రెండుసార్లు.

దర్యాప్తు సగంలో ఉండగా సాక్షికి ఏమీ చెప్పకూడదు. వెర్నాకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా చెప్పింది.

“ఆల్మా గారూ, నిన్న రెండింటికి పది నిమిషాల ముందు మెర్ల్ బతికి లేడు. ఆ బండి నడిపింది ఇంకెవరో.”

ముసలావిడ కిటికీలోంచి రోడ్డుకేసి చూసింది.

“అయితే వాడు నాకు మొహం చాటెయ్యలేదన్నమాట,” అంది.

“లేదు.”

“అది రాసుకో. కాగితం మీద పెట్టు. కావాలంటే దాని మీద సంతకం పెడతాను.”

వెర్నా రాసింది. టైము, బండి, మోగని హారన్, ఎత్తిన చెయ్యి, అన్నీ ఆల్మా మాటల్లోనే రాసి చదివి వినిపించింది. ఆల్మా ఒకచోట దిద్దించింది. ‘సుమారు రెండింటికి’ అని ఉంటే ఒప్పుకోలేదు, పది నిమిషాల ముందని రాయించి సంతకం పెట్టింది. అప్పటికి రెండూ నలభై ఎనిమిది. మూడున్నరకి రూబెన్ జడ్జి ముందుంటాడు. ముప్పై ఒక్క నిమిషం దారి. వెర్నా కాగితం మడిచి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరింది.

*

ఒక మైలు వచ్చాక ఎదురుగా దుమ్ము లేచింది. నల్ల పికప్, మోస్తరు వేగంలో ఉంది. వెర్నా మనసంతా మూడున్నర మీదే ఉంది. స్టీరింగ్ మీద ఆమె చూపుడు వేలు దానంతటదే లేచింది.

నల్ల పికప్‌లో ఒక అరచెయ్యి పైకి లేచింది. అద్దం తుడిచినట్టు అటూ ఇటూ రెండుసార్లు ఆడింది.

బండి దాటిపోయింది. పక్క అద్దంలోంచి మనిషిని చూసింది. లైల్ హోవర్. కమిషనర్ల బోర్డు ఛైర్మన్. వాగుకి అటూ ఇటూ ఉన్న పొలాలు అతని అల్లుడివి.

వెర్నా బ్రేకు తొక్కింది. దుమ్ము కారుని కమ్మేసింది. ఆ దుమ్ములోనే కూర్చుని ఆమె ఒక్కో సంగతీ వరసలో పెట్టుకుంది. వంతెన లేదు. ఈ రోడ్డు వాగు దగ్గర ఆగిపోతుంది. దీని మీద ఉన్నది ఒకే ఇల్లు. మూడింటికి కోర్టు భవనం నుంచి మనిషొస్తాడు.

ఫోనులో సిగ్నల్ ఒక్క గీత ఉంది. రస్ రెండో రింగుకే ఎత్తాడు.

“నేను ఆల్మాని అడగడానికి వెళ్ళానని ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు. లైల్ అడిగాడు. బోర్డు ఛైర్మన్ కదా, అడిగితే చెప్పనా?”

“ఆయన చెయ్యి ఎలా ఊపుతాడు రస్?”

ఇరవై ఏళ్ళు జూలై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపుల్లో లైల్ కారు వెనకే తన కారు నడిపినవాడు రస్. వెర్నా ఆల్మా చెప్పినదంతా నాలుగు వాక్యాల్లో చెప్పింది. అతను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.

“బయల్దేరుతున్నా,” అన్నాడు.

“ఎక్కడున్నావ్?”

“కోర్టు దగ్గర.” కారు తలుపు మూసిన చప్పుడు. “ముప్పై ఒక్క నిమిషం.”

“వంతెన ఉంటే తొమ్మిది.”

“తూర్పు ఒడ్డుకే వస్తా. దూలం మీద నడిచి దాటుతా. వెర్నా, నేను వచ్చేదాకా నువ్వు ఆ ఇంట్లోకి పోవద్దు.”

ఆమె ఫోను పక్క సీట్లో పడేసింది. కారు వెనక్కి తిప్పేటప్పుడు రూబెన్ నిన్న చదును చేసినప్పటి కంకర గట్టు టైరు కింద చితికింది. మైలు పొడవునా గాలిలో నల్ల పికప్ లేపిన దుమ్ము ఇంకా దిగలేదు.

ఆల్మా ఇంటి ముందు నల్ల పికప్ ఆగి ఉంది. డ్రైవరు పక్క తలుపు మూయలేదు. వాకిట్లో ఎవరూ లేరు.

వెర్నా కారు ఆపింది. ఇంజన్ ఆపలేదు. కిటికీకి ఎదురుగా, మెర్ల్ పదకొండేళ్ళు చేసినట్టే, హారన్ ఒకసారి చిన్నగా నొక్కింది.

నాలుగు సెకన్లు లెక్కపెట్టింది. ఇంకో నాలుగు.

తుడిచి మెరుస్తున్న అద్దం వెనక కుర్చీ కనబడుతోంది, దిండు కనబడుతోంది. కిటికీలోకి ఎవరూ రాలేదు.

రాకపోతే బండి ఆపి లోపలికొస్తానన్నది మెర్ల్ మాట. వెర్నా సీటు కింద ఉన్న ఇనుప టార్చి చేతిలోకి తీసుకుని, తలుపు తెరుచుకుని దిగింది.